మేడమ్ గారి పాత కిరాయిదారు

ముందుగా క్షమాపణలు.

తెలుగు చలనచిత్ర పరిశ్రమలోని సమస్త నిర్మాతలకు, వారి ఆఫీసు గుమ్మాలు ఏ దిక్కుకు తిరగాలో నిర్ణయించే సిద్ధాంతిగార్లకు, వారి కార్ల ముందు నిమ్మకాయలూ మిరపకాయలూ వేలాడదీసే డ్రైవర్లకు, మా జూబ్లీహిల్స్ వీధి సంక్షేమ సంఘం పెద్దలకు, ఇంకా తణుకులో ఉన్న మా అమ్మకు చేతులు జోడించి మనవి చేసుకుంటున్నాను. ఈ వ్యాసంలో ఒక గుడ్లగూబ ఉంది. అది మధ్యలో వచ్చి పోయే పాత్ర కాదు, చివరిదాకా ఉంటుంది. ఎవరి చావూ చెప్పదు, ఎవరి ఇల్లూ కూల్చదు. దాని గురించి నేను ఒక్క చెడ్డ మాట కూడా రాయబోవడం లేదు. ఇందువల్ల ఎవరి సినిమా అయినా ఆడకపోతే, ఎవరి ముహూర్తమైనా తప్పిపోతే ఆ పాపం పూర్తిగా నాదే. పెద్ద మనసుతో క్షమించగలరు.

క్షమించకపోయినా పరవాలేదు. ఎందుకంటే ఇది మా మేడమ్ గారి గురించి. మేడమ్ గారి గురించి గుడ్లగూబ లేకుండా రాయడం కుదరదు.

ఆమె పోయారు. కబురు వచ్చేసరికి నేను ఫిల్మ్‌నగర్‌లో మా సౌండ్ స్టూడియోలో కూర్చుని, ఒక దెయ్యం సినిమాకు తలుపు కిర్రుమనే చప్పుడు అతికిస్తున్నాను. ఫోన్ చేసింది ఆమె మేనల్లుడు.

"భయ్, అత్తమ్మ పోయింది. పొద్దుగాల వచ్చి తలుపు కొడితె తీయలే. నిద్రల్నే పోయింది."

నేను ఏదో అన్నాను, ఏమన్నానో గుర్తు లేదు. తెర మీద తలుపు కిర్రుమంటూనే ఉంది, ఆపడం మర్చిపోయాను. ఆ రోజు తెల్లారి షిఫ్టుకు మెట్లు దిగి, ఆమె గుమ్మం దాటుకునే వచ్చాను. లోపల ఇంకా పడుకునే ఉన్నారనుకున్నాను. చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా నడిచాను కూడా.

ఆమె మా ఇంటి ఓనరు. ఆడపిల్లల కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం వీధిలో ఎవరికీ లేదు. పాతకాలపు ఇల్లు, కింద ఆమె, పైన డాబా మీద ఒకే ఒక్క గది, ఆ గదిలో నేను. ఇంటి పక్కన ఆమె కాంపౌండ్‌లోనే పెద్ద వేపచెట్టు, దాని సగం కొమ్మలు మా డాబా మీదికి, సగం కొమ్మలు పక్క బంగళా మీదికి. ఆ బంగళాలో ఒక నిర్మాత ఆఫీసు. మా కథకు కావలసిన సెట్టింగు అంతే.

నేను గదిలో దిగిన మొదటి సాయంత్రమే, చీకటి పడుతుండగా, నా నెత్తిమీద ఎవరో "ఊఁ" అన్నారు. కాస్త ఆగి మళ్లీ "ఊఁ". కిటికీ తెరిచి చూస్తే కొమ్మ మీద పిడికిలంత గుడ్లగూబ. మా అమ్మ చెప్పింది గుర్తొచ్చింది, గూబ ఇంటి మీద వాలితే ఆ ఇల్లు ఆరు నెలలు ఖాళీ చేయాలని. నేను ఆరు నెలలు ఆలోచించే రకం కాదు. అప్పటికింకా విప్పని సూట్‌కేసు పట్టుకుని కిందికి దిగాను.

మేడమ్ గారు వరండాలో చాయ్ తాగుతున్నారు. ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని.

"ఏందిరా, బీటెక్, పొద్దున్నే దిగినవ్, అప్పుడే యాత్రనా?"

"పైన గుడ్లగూబ అరిచిందండీ."

"అరవలే. పిలిచింది. అరుసుడు వేరే, పిలుసుడు వేరే. సౌండ్ పని చేస్తనన్నవ్, గంత కూడ తెలవదా?"

"మా అమ్మ చెప్పిందండీ, గూబ వాలితే ఇల్లు ఖాళీ చేయాలంటండీ."

ఆమె బిస్కెట్ చాయ్‌లో ముంచి, సరిగ్గా విరిగిపోయే ముందు నోట్లో వేసుకున్నారు. "చెయ్. నువ్వే చెయ్. అది నా పాత కిరాయిదారు, నీకన్న ముందుగాల వచ్చింది. పాపం అది గూడ గట్లనే అనుకుంటుండొచ్చు. నెత్తిమీదికి బీటెక్ వాలిండు, ఇగ ఇల్లు ఖాళీ చెయ్యాల్నేమో అని."

నేను సూట్‌కేసు పైకి మోసుకుపోయాను. అంతకంటే గౌరవంగా చేయగలిగింది ఏమీ కనిపించలేదు.

తర్వాత మొదలైంది నా చదువు. నాలుగేళ్ల ఇంజనీరింగులో నాకు అబ్బనిది ఒక వేపచెట్టు కింద అబ్బింది. మేడమ్ గారి చేతిలో ఎప్పుడూ ఒక నల్ల గొడుగు ఉండేది. వానకు కాదు, ఎండకు కాదు, చూపించడానికి. పిట్టను వేలితో చూపిస్తే బెదురుతుందట, గొడుగుతో చూపిస్తే బెదరదట. ఇది శాస్త్రమో ఆమె సొంత నమ్మకమో నేను అడగలేదు.

పగటిపూట అది తొర్ర పక్కన, కొమ్మ మొదట్లో కూర్చుని నిద్రపోయేది. గొడుగు కొన సరిగ్గా దాని మీదే ఉన్నా నాకు కనిపించేది కాదు. వేప బెరడు రంగే దాని రంగు, బెరడు మీద పగుళ్లలాగే దాని ఒంటి మీద గీతలు. "పిట్టను దేవులాడకు," అనేవారు. "బెరడును చూడు. ఏ బెరడు ఊపిరి పీలుస్తుందో, గదే పిట్ట." చాలా రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం నిజంగానే కొంత బెరడు ఊపిరి పీల్చింది. నేను గట్టిగా అరవబోయాను. ఆమె గొడుగు నా పాదం మీద ఆన్చారు. అది శాస్త్రం కాదని మాత్రం నాకు తెలుసు.

భయమేస్తే అది ఎగిరిపోదు. ఒళ్లు సన్నగా సాగదీసి, కళ్లు గీతల్లా మూసి, తలమీది రెండు ఈకల కుచ్చులు నిక్కబొడుచుకుని, విరిగిన కొమ్మ మోడులా నిలబడిపోతుంది. ఆ కుచ్చులు చెవులు కావు. అసలు చెవులు మొహానికి రెండు పక్కలా ఈకల కింద దాగి ఉంటాయి. కళ్లు మనలాగా పక్కకు తిప్పుకోలేదు, అందుకే తల మొత్తం వెనక్కి తిప్పుకుంటుంది. రెక్కల అంచు ఈకలు మెత్తటి కుచ్చుల్లా ఉంటాయి కాబట్టి ఎగిరితే చప్పుడుండదు. మా స్టూడియోలో కోటి తంటాలు పడినా రాబట్టలేని నిశ్శబ్దం అది. ఎన్నోసార్లు దాని కింద మైకు పెట్టి కూర్చున్నాను. నా మైకుకు దొరికింది నా ఊపిరి మాత్రమే.

ఇంగ్లీషు పుస్తకాల్లో దాన్ని స్కాప్స్ గుడ్లగూబ అంటారు. మేడమ్ గారికి ఆ పేరు నచ్చేది కాదు. "స్కాప్స్ అంటె ఏదో చెప్పుల కంపెనీ లెక్కుంది," అనేవారు. ఆమె దాన్ని పాత కిరాయిదారు అనే పిలిచారు. నేను కొత్త కిరాయిదారుని. వరసలో నాది ఎప్పుడూ రెండో స్థానం.

పాత కిరాయిదారు తిన్న పురుగుల రెక్కల పెంకులు, బల్లుల ఎముకలు అరగవు. వాటిని ఉండలా చుట్టి నోటినుంచి కక్కేస్తుంది. మేడమ్ గారు ఆ ఉండలు ఏరి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, సూదితో విడదీసేవారు. అదీ చాయ్ తాగే బల్ల మీదే. ఒకసారి నేను మొహం చిట్లిస్తే, "ఏం భయ్, మీ హీరో తిన్న ప్లేటు ఫోటో తీసి పెడితే లక్ష మంది లైకులు కొడ్తరు. ఇది తిన్నది నేనొక్కదాన్ని చూస్తున్న. నీకేం నొప్పి?" అన్నారు. ఆ ఉండల్లో ఒకనాడు చుంచు పుర్రె దొరికింది, బఠాణీ గింజకన్నా కొంచెం పెద్దది. దాన్ని దూదిలో పెట్టి నాకిచ్చారు. నా పుట్టినరోజు అది. ఆమెకు తెలుసో, యాదృచ్ఛికమో ఇప్పటికీ తెలియదు.

చలి తగ్గే రోజుల్లో దాని జోడు తొర్రలో గుడ్లు పెట్టేది. గూడు కట్టదు, ఉన్న తొర్రలోనే గుండ్రటి తెల్లటి గుడ్లు. ఆడది పొదుగుతుంటే మగది చీకటి పడగానే వేటకు పోయి మిడతనో రెక్కల పురుగునో పట్టుకొచ్చేది. పాతబడి తొర్రలు పడ్డ చెట్టు లేకపోతే దానికి ఇల్లు లేదు. కొత్త మొక్క ఎన్ని నాటినా ఆ తొర్ర రావడానికి ఒక మనిషి బతుకంత కాలం పడుతుంది. మేడమ్ గారు గొంతు తగ్గించి చెప్పే పాఠం ఇదొక్కటే.

ఒక ఉదయం పెద్ద గోల. వెళ్లి చూస్తే ముందు ఒక తేనెపిట్ట, దాని వెనక పిగిలిపిట్టలు, తర్వాత తోక చీలిన ఏట్రింత, ఆఖరికి ఎక్కడెక్కడి కాకులూ వేపచెట్టు మీద చేరి ఒకటే తిట్లు. పాత కిరాయిదారు ఎవరి కంటో పడింది. పగలు గుడ్లగూబ కనబడితే మిగతా పిట్టలన్నీ కలిసి తరుముతాయి. రాత్రి తమ పిల్లల్ని ఎత్తుకుపోతుందన్న భయం వాటిది.

"చూసినవా వరస," అన్నారు మేడమ్ గారు. "ముందుగాల చిన్నయి మొదలు పెడ్తయ్. గోల విని పెద్దయి వస్తయ్. కాకి ఎప్పటికీ ఆఖరికే వస్తది. వచ్చినంక లొల్లంత తనదే అన్నట్టు చేస్తది."

"సినిమా రిలీజు రోజు ఫోన్లలో జరిగేది కూడా ఇంతేనండీ."

"మరి గాళ్లెవరికన్న గుడ్లగూబ కనిపించిందా, ఉట్టిగనే ఒర్రుతున్నరా?"

"ఉత్తినేనండీ."

"మరి కాకులే నయం," అని లోపలికి వెళ్లారు.

ఈ వరస గుర్తుపెట్టుకోండి. మళ్లీ పని పడుతుంది.

ఇక రికార్డింగు సంగతి. తెలుగు సినిమాలో గుడ్లగూబ చప్పుడు కావాలంటే మేం వాడేది ఎక్కడో మంచు దేశంలో పెద్ద గుడ్లగూబ కూసిన కూత. మన దెయ్యాలన్నీ ఇన్నాళ్లూ విదేశీ గుడ్లగూబ వెంటేసుకునే తిరుగుతున్నాయి. నాకు స్వదేశాభిమానం పొంగుకొచ్చింది. మునిమాపు వేళల్లో డాబా మీద కూర్చుని పాత కిరాయిదారు గొంతు పట్టాను. హెడ్‌ఫోన్లు పెట్టి మేడమ్ గారికి వినిపించాను. ఆమె కళ్లు మూసుకుని చివరిదాకా విన్నారు. తర్వాత హెడ్‌ఫోన్లు తీసి నా చెయ్యి పట్టుకున్నారు. అభినందించడానికి అనుకున్నాను. కాదు.

"ఒట్టు పెట్టు. ఇది ఈ చెట్టు కాడ ఎప్పుడూ వినిపియ్యనని ఒట్టు పెట్టు."

"ఎందుకండీ?"

"ఇంకో మగపిట్ట వచ్చిందనుకుంటది. వేట ఇడిసిపెట్టి దాన్ని దేవులాడుకుంట తిరుగుతది. పగలైతే ఊర్లున్న కాకులన్నీ వచ్చి మీద పడ్తయ్. నీ ఇంట్ల నీ గొంతుతోని ఇంకొకడు మాట్లాడితె నీకెట్లుంటది?"

ఒట్టు పెట్టాను. ఆమె చేతిలో చెయ్యి వేసి.

స్టూడియోలో దర్శకుడు విన్నాడు. విని నావంక జాలిగా చూశాడు. "ఏంటి తమ్ముడూ ఇది? ఎవరో కథ వింటూ ఊఁ కొడుతున్నట్టుంది. గుడ్లగూబ లాంటి గుడ్లగూబని పెట్టు."

ఈ మాట మేడమ్ గారికి చెప్పిన రోజు ఆమె బిస్కెట్ చాయ్‌లో పడిపోయింది. నేనెరిగి అలా జరగడం అదొక్కసారే. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, "అయితే గిది ఆడిషన్ల ఫెయిలైందన్నట్టు. మంచిగైంది. మా ఇంట్లనే ఉంటది," అన్నారు.

పక్క బంగళా నిర్మాత దగ్గర మాత్రం పాత కిరాయిదారు ఎంపికైంది, విలన్‌గా. వరసగా రెండు సినిమాలు పోయాయి. కథలు నేను చూశాను, అవి పోవడానికి గుడ్లగూబ సాయం అక్కర్లేదు. అయినా సిద్ధాంతిగారు వచ్చి, చెట్టు చూసి, చెవి ఒగ్గి, లోపం కనిపెట్టారు. మర్నాడు నిర్మాత మేనేజరు మా వరండాలోకి వచ్చాడు. మా కోస్తావాడే, మర్యాద ఒలకబోస్తాడు.

"అమ్మా, నమస్కారమండీ. ఆ చెట్టొకటి తీయించేస్తే మా సార్ చాలా సంతోషిస్తారండీ. ఖర్చంతా మాదేనండీ. గూబ ఉన్నచోట లక్ష్మి నిలవదని సిద్ధాంతిగారు గట్టిగా చెప్పారండీ."

"కూసో బిడ్డా, చాయ్ తాగు." ఆమె కప్పు జరిపారు. "ఉత్తరాదోళ్లు ఏమంటరో ఎరికేనా? లక్ష్మి గుడ్లగూబ మీదనే ఎక్కి తిరుగుతదంటరు. బండిని ఎల్లగొడితివి, ఇగ లక్ష్మి నీ ఆఫీసుకు ఆటోల వస్తదా?"

మేనేజరు చాయ్ మింగాడు. "అది కాదండీ, రెండు సినిమాలు..."

"పిట్ట కూస్తే పోయేటి సినిమా, కూయకున్నా పోతది. మీ సార్‌కు జర చెప్పు."

వాళ్లు పగబట్టారు. ఆఫీసు గోడ మీద ఒక పెద్ద ఫ్లడ్‌లైటు పెట్టి సరిగ్గా తొర్ర మీదికి తిప్పారు. సెక్యూరిటీ కోసం అన్నారు. ఆ వెలుగులో పాత కిరాయిదారు తొర్ర వదిలి బయటికి రాలేదు. మేడమ్ గారు ఎవరితోనూ గొడవ పడలేదు. బీరువాలోంచి తన పాత నేత చీర ఒకటి తీశారు, ముదురు నీలం, కాలేజీకి కట్టుకెళ్లేదట. డాబా పిట్టగోడ పక్కనున్న ఇనుప స్తంభం నుంచి కొమ్మకు దాన్ని అడ్డంగా కట్టమని నన్ను ఎక్కించారు. వెలుగు చీర దగ్గరే ఆగిపోయింది. ఇవతల తొర్ర ముందు మళ్లీ చీకటి. కాసేపటికి చప్పుడు లేకుండా ఏదో మా తల మీదుగా దాటిపోయింది.

"పోయింది డ్యూటీకి," అన్నారామె, గొడుగు ఊపుతూ.

వాళ్లు లైటు పెంచారు. ఆమె ఇంకో చీర కట్టించారు. సంక్షేమ సంఘం వాళ్లు వచ్చి వీధి అందం చెడుతోందన్నారు. "చీర కట్టుకున్న చెట్టు మీ కంటికి అందంగ లేదా? మీ ఇండ్లల్ల ఆడోళ్లకు జెప్పాల్నా ఈ మాట?" అని ఆమె అడిగారు. వాళ్లు మళ్లీ రాలేదు. ఆమె బతికున్నంతకాలం ఆ యుద్ధంలో ఒక్క అంగుళం కూడా ఇవ్వలేదు.

ఆమె పోయాక, కర్మ ఇంకా కాకముందే, మేనేజరు మళ్లీ వచ్చాడు. ఈసారి వరండాలో కూర్చున్నది మేనల్లుడు. ఉండేది మధురానగర్‌లో, చిన్న ప్రింటింగు షాపు. చెడ్డవాడు కాదు. కాకపోతే ఎవరికీ కాదని చెప్పలేడు. ఆ షాపులో అచ్చయ్యే పోస్టర్లలో సగం ఆ నిర్మాతవే.

"మేడమ్ గారున్నప్పుడు ఆవిడ మాట మేం కాదనలేదు కదండీ," అన్నాడు మేనేజరు. "ఇప్పుడు మీరే పెద్దవారు. కర్మ అయిన మర్నాడు మనుషుల్ని పంపిస్తాను, మధ్యాహ్నానికి అయిపోతుంది."

మేనల్లుడు నేలవంక చూసి, "చూద్దం అన్నా," అన్నాడు.

హైదరాబాదులో చూద్దం అంటే ముప్పావు వంతు సరే అని. మేనేజరు సంతోషంగా వెళ్లిపోయాడు. గుడ్లు పెట్టే రోజులు. పైన తొర్రలో ఆడపిట్ట కూర్చుని ఉంది.

కర్మ రోజు పొద్దున డాబా మీద, నా గది ముందు, పిట్టకు పెట్టారు. మా వైపు కూడా ఉందిగానీ ఇక్కడ ఇంకా పట్టింపు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి, దూరంగా నిలబడి, కాకి వచ్చి ముట్టేదాకా చూస్తారు. ముట్టకపోతే పోయిన మనిషి మనసులో ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. అదేమిటో కనుక్కుని, తీరుస్తామని మాటిస్తే కాకి వస్తుందట. పిట్టగోడ మీద విస్తరి వేశారు. సర్వపిండి, వేటకూర, అన్నం, గ్లాసులో చాయ్, పక్కన నాలుగు ఉస్మానియా బిస్కెట్లు.

కాకి రాలేదు. జూబ్లీహిల్స్‌లో కాకికి తినడానికి ఇంతకంటే మంచివి దొరుకుతాయి కాబోలు. రెండు పావురాలు వచ్చాయి. అవి లెక్కలోకి రావట, తోలేశారు. ఎండెక్కింది. మేనల్లుడి తల్లి, అంటే మేడమ్ గారి తమ్ముడి భార్య, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ముందుకొచ్చింది.

"వదినె, నీ వెండి గిన్నె పోయిందని అప్పట్ల పనామెను అంటివి. నేనే తీస్కపోయిన. మాపటికి తెచ్చి పెడుత, వచ్చి తిను."

కాకి రాలేదు. గిన్నె సంగతి మాత్రం అందరికీ తెలిసిపోయింది. ఆమె వెనక్కి వచ్చి నిలబడి, "గది కాదు," అంది కోపంగా.

ఎవరెవరో ఏవేవో మాటలిచ్చారు. పుస్తకాలు కాలేజీకి ఇస్తామన్నారు. ఫోటో పెద్దది చేయిస్తామన్నారు. మేనేజరు కూడా వచ్చి మర్యాదగా ఒక పక్కన నిలబడ్డాడు, చేతులు కట్టుకుని. మేనల్లుడు చాలాసేపు నీలం చీర వంక చూస్తూ ఉండిపోయాడు. తర్వాత చెప్పులు విడిచి విస్తరి దాకా వెళ్లాడు.

"అత్తమ్మా. చెట్టు ముట్టనియ్య. నేనున్నన్ని దినాలు ఒక్క కొమ్మ నరకనియ్య. షాపు పోతె పోనీ. ఇగ వచ్చి తిను."

అందరం ఆకాశంలోకి చూశాం. ఏమీ లేదు. ఎండ, ఒక విమానం. మేనేజరు మెల్లగా దగ్గాడు.

"అంటే... మేడమ్ గారికి చెట్టు మీద పట్టింపేం లేనట్టేగా అండీ. పోయినోళ్లు అబద్ధం చెప్పరు కదండీ."

మేనల్లుడి మొహంలో రంగు దిగిపోయింది. వాళ్లమ్మ తలూపింది, "గది గూడ కాదంట బిడ్డా," అని. ఇంకొక్క నిమిషం అలాగే గడిస్తే ఆ చెట్టు ఆమె అనుమతితోనే పోయేది. బతికుండగా ఎవరూ రాబట్టలేని అనుమతి, పోయాక ఒక కాకి రాకపోవడం వల్ల. నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. నా గదిలోకి వెళ్లిపోయాను.

అప్పుడు ఒక తేనెపిట్ట వచ్చింది. వేప కొమ్మ మీద వాలి తిట్టడం మొదలుపెట్టింది. తర్వాత పిగిలిపిట్టలు జంటగా. తర్వాత ఏట్రింత. తర్వాత ఆ గోల విని, పార్కు వైపు నుంచి, టీ కొట్ల వైపు నుంచి, ఎక్కడెక్కడి నుంచో, కావుకావుమంటూ కాకులు. ఒకటి కాదు. చెట్టు నల్లబడింది. జనం పిట్టగోడకు దూరంగా జరిగారు. కాకులు కొమ్మకొమ్మా వెతికాయి, వాటికి కావలసింది కనపడలేదు. వాటిలో ఒకటి పిట్టగోడ మీద దిగింది. విస్తరి చుట్టూ నడిచింది. సర్వపిండి వదిలేసింది. వేటకూర వదిలేసింది. ఉస్మానియా బిస్కెట్ ఒకటి ముక్కుతో పట్టుకుని, చాయ్ గ్లాసు పక్కన ఒక్క క్షణం ఆగి, ఎగిరిపోయింది.

మేనల్లుడి తల్లి భోరుమంది. "బిస్కెట్! బిస్కెటే తీస్కపోయింది! మా వదినెనే!"

మేనల్లుడు కళ్లు తుడుచుకోలేదు. మేనేజరు దగ్గరికి వెళ్లాడు. ఎవరికీ కాదని చెప్పలేని మనిషి, మెడ ఎత్తి నిలబడ్డాడు. "చూసినవ్ గదన్నా. సార్‌కు చెప్పు. నా మాటంటె వినరు. కాకి మాటన్న వింటరు."

మేనేజరు అప్పటికే చెంపలు వేసుకుంటున్నాడు. "అయ్యో, చనిపోయినోళ్లకిచ్చిన మాటండీ. మా సార్‌కి తెలిస్తే ఆ చెట్టు నీడ కూడా తొక్కరండీ." వెళ్లేముందు వేపచెట్టుకు దణ్ణం పెట్టాడు. ఆ సాయంత్రం ఫ్లడ్‌లైటు ఆర్పేశారు. తీయలేదు, ఆర్పారు. ఇప్పుడు సిద్ధాంతిగారు అదే చెట్టు చూసి ఈశాన్యాన పెద్దముత్తయిదువ కాపలా ఉందని చెబుతున్నారని విన్నాను. రెండు చీరలు కట్టుకుంది కదా మరి.

పైన ఎన్నో క్షమాపణలు చెప్పాను. వాటిలో ఒక్కటీ నేను చేసిన పనికి కాదు. నేను నిజంగా చేసింది ఒకటే ఉంది.

గదిలోకి వెళ్లి, చెట్టు వైపు కిటికీలో అరచేతిలో పట్టే స్పీకరు పెట్టి, ఫోనులో పాత కిరాయిదారు గొంతు వినిపించాను. ఆమె చేతిలో చెయ్యి వేసి వినిపించనన్న గొంతే. బయట ఎవరి చెవినైనా పడినా చెట్టు మీది పిట్టే అనుకుని ఉంటారు. ఆమె చెప్పిన వరసలోనే పిట్టలొచ్చాయి. ఇది చదివి మేనల్లుడు మాట వెనక్కి తీసుకుంటాడని నాకు భయం లేదు. ఆయన మాట ఇచ్చేదాకా నేను ఏమీ నొక్కలేదు. ఇచ్చింది అత్తకు, కాకికి కాదు. మేనేజరు చదివితే చదవనీయండి. కాకి నిజం, బిస్కెట్ నిజం, ఆ కాకికి సర్వపిండి వద్దని నేను చెప్పలేదు.

కానీ ఒట్టు తప్పాను. అది మేడమ్ గారికి చెప్పుకోవాలి. ఆమె లేరు కాబట్టి ఆ సాయంత్రం, అందరూ వెళ్లిపోయాక, ఆమె గొడుగు పట్టుకుని వేపచెట్టు కింద నిలబడ్డాను. పగలంతా కాకుల భయానికి తొర్రలోంచి తల బయట పెట్టని పాత కిరాయిదారుకు మొత్తం చెప్పాను. ఒక్కసారే అని చెప్పాను. చెట్టు కింద కాదు, కిటికీలో అని లాయరు సాకు కూడా ఒకటి చెప్పాను. మళ్లీ అలాంటి రోజొస్తే మళ్లీ చేస్తానని కూడా చెప్పాను, దాచడం ఎందుకని.

వెలుగు లేని గోడ ముందు నీలం చీర గాలికి కాస్త ఉబ్బి, మళ్లీ దిగింది. తొర్ర అంచున కొంచెం బెరడు ఊపిరి పీల్చింది.

"ఊఁ?" అంది, మిగతాది చెప్పమన్నట్టు.